రెండు మేకల్లో మనది

ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టినందుకు వీధివాళ్ళందరికీ ఆయన కండక్టరే. ఉద్యోగం వదిలి ఆరేళ్ళయినా ఆ పేరు ఆయన్ని వదల్లేదు. వదిలించుకోవాలని ఆయనా చూడలేదు. "నా బస్సు ఒక్కసారి ఎక్కినవాడి మొహం మర్చిపోతే నన్నడగండి" అనేవాడు. టిక్కెట్టు కొనకుండా దిగిపోయిన ఒకడిని తొమ్మిదేళ్ళ తర్వాత మంగలి షాపులో, మొహం నిండా సబ్బు నురగ ఉండగా గుర్తుపట్టి నిలదీసిన సంగతి ఆయన నోట వినని మనిషి ఆ చుట్టుపక్కల లేడు.

ఇప్పుడాయనకి బస్సు లేదు, పదకొండు మేకలున్నాయి. ఇంటి వెనక రేకుల షెడ్డులో అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి పెంచుతున్నారు. పాలు పిండటం చెల్లెలి వంతు, మేపుకురావటం ఆయన వంతు. పశువుల డాక్టరమ్మ వచ్చినప్పుడల్లా "చెవులకి నంబరు బిళ్ళలు వేయించుకోండి, ఎప్పుడైనా పనికొస్తాయి" అని పోరేది. "నా మేకలు నాకు తెలియవా డాక్టరమ్మా?" అని ఆయన నవ్వేసేవాడు.

అన్నిటికీ పేర్లున్నాయి. అన్నిటికంటే ముందు నడిచి, దారిలో ఎవరడ్డొచ్చినా తోసిపారేసేది పెత్తనం. సన్నటి గొంతుతో అవతలి వీధికి వినబడేలా అరిచేది సన్నాయి. సన్నాయికి ఏడాది వయసున్న కూతురుంది, దాని పేరు బుడ్డి. ఎదిగినా తల్లి పక్కనే మేసేది, తల్లిని ఆనుకునే పడుకునేది.

ఎండలు మొదలైన రోజుల్లో సన్నాయికి దవడ కింద నిమ్మకాయంత గడ్డ లేచింది. డాక్టరమ్మ చూసి, ఇది మిగతావాటికి అంటుకునే రకమనీ, ఆస్పత్రిలో కోసి, మానేదాకా అక్కడే విడిగా ఉంచాలనీ చెప్పింది. ఐదు వారాలు పట్టింది. వచ్చి తీసుకెళ్ళమని కబురు రాగానే కండక్టర్ ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెళ్ళాడు.

ఆస్పత్రి వెనక సిమెంటు గదిలో రెండు మేకలున్నాయి. రెండూ ఇటుక రంగువే. రెండిటికీ నడుం చుట్టూ తెల్ల పట్టీ. రెండిటికీ దవడ కింద గొరిగిన చోట కుట్ల మచ్చ. కాంపౌండరు గుమ్మంలో తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఆ రెండోది ఎవరిది?" అన్నాడు కండక్టర్.

"బడివాళ్ళదండీ. పిల్లలు పెంచుకుంటున్నారు. దానిదీ గడ్డే. మారిపోకుండా మెడలకి అట్టముక్కలు కట్టాం, పేర్లు రాసి. దీని అట్ట అది తినేసింది, దాని అట్ట ఇది తినేసింది. మీది మీరే చూసి తోలుకుపోండి. మీకంటే ఎవరికి తెలుస్తుంది?"

గదిలో వెలుతురు అంతంత మాత్రం. కండక్టర్ కళ్ళు చికిలించి చూశాడు. రెండు మేకలూ పొగలో నిలబడ్డట్టు కనిపించాయి. కాస్త ముందుకు వంగి "సన్నాయీ" అని పిలిచాడు. రెండూ తలెత్తాయి. ఒకటి మాత్రం ఆయన వైపు రెండడుగులు వేసింది.

"ఇదే" అన్నాడు కండక్టర్, ఇందులో ఆలోచించాల్సిందేముందన్నట్టు.

ఇంటికొచ్చి దాన్ని షెడ్డులోకి వదిలాక అసలు గొడవ మొదలైంది. పెత్తనం మెడ సాచి దగ్గరికొచ్చింది. మొహం వాసన చూసింది, పక్కకి తిరిగి తోక కింద వాసన చూసింది. రెండడుగులు వెనక్కి వేసి బుస్సుమంది. ఆ తర్వాత వెనక కాళ్ళ మీద లేచి, తల వంచి, ఆ వచ్చినదాని డొక్కలో దబ్బున కుమ్మింది. మిగతావాటికి అదే అనుమతి అయినట్టుంది. తలొక దెబ్బా వేసి దాన్ని గోడకి నొక్కేశాయి. అది "బే" అని అరిచింది. తడిసిన డప్పు మీద కొట్టినట్టు మొద్దుగా వచ్చిందా అరుపు. బుడ్డి ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ తొట్టిలో మూతి పెట్టేసుకుంది.

చెల్లెలు పాలచెంబు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇదెవరిదన్నయ్యా?"

"ఎవరిదేంటే? సన్నాయి."

"కన్నకూతురు కూడా పలకరించలేదు. చూశావా?"

"ఐదు వారాలు ఆస్పత్రిలో ఉండొచ్చింది. ఒంటి నిండా మందుల కంపు. ఎలా పలకరిస్తుంది?"

"ఆ గొంతేంటి మరి?"

"గొంతు కింద కోసి కుట్లేశారు. మునుపటిలా పలకమంటే ఎలా పలుకుతుంది?"

చెల్లెలు దాన్ని బయటికి లాక్కొచ్చి, కింద కూర్చుని, పొదుగు తడిమి చూసింది. చాలాసేపు తడిమింది. "ఐదేళ్ళు నా చేతిలో మెదిలిన పొదుగు ఇది కాదనిపిస్తోంది. ఎండిపోయింది కాబట్టి గట్టిగా చెప్పలేను. కానీ మంద చెప్తోందిగా?"

"మందకేం తెలుసు?"

"నీకేం తెలుసు?" అనేసి చెల్లెలు చెంబు తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

మూడు రోజులు కండక్టర్ పట్టు విడవలేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాన్ని మందలో కలపబోయాడు. ఆరుసార్లూ అదే కుమ్ముడు. నాలుగో రోజు దాన్ని పెరట్లో కొళాయి పక్కన కట్టేసి, తనూ ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. కూర్చుని దాని మొహంలోకే చూశాడు. చూసేకొద్దీ అది సన్నాయిలా కనిపించింది. ఇంకాస్త చూస్తే సన్నాయిలా కనిపించడం మానేసింది. ఆఖరికి, అసలు సన్నాయి ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయి, ఇదే మొహం గుర్తొచ్చి గాభరా పడ్డాడు.

డాక్టరమ్మకి ఫోన్ చేశాడు.

"వాటి పద్ధతి వేరు కండక్టర్ గారూ" అందావిడ. "దూరం నుంచి గొంతు విని పోల్చుకుంటాయి. దగ్గరికొచ్చాక ఆకారం, ముట్టుకునేంత దగ్గరైతే వాసన. అన్నీ కుదిరితేనే మనది అనుకుంటాయి. ఆస్పత్రి నుంచి వచ్చినదానికి వాసన మారుతుంది, మీకు తెలిసిందే. నిజంగా మీదే అయినా కుమ్ముతాయి."

"అంటే మాదేనంటారు."

"అలా అన్లేదే. మీది కాకపోయినా కుమ్ముతాయి."

"మరి తేలేదెట్లా?"

"మధ్యలో ఇనుప వల కట్టి పక్కపక్కనే ఉంచండి. షెడ్డులో తొక్కిన గడ్డి తెచ్చి దాని ఒళ్ళంతా రుద్దండి. పది పన్నెండు రోజుల్లో కలుపుకుంటాయి."

కండక్టర్‌కి ప్రాణం లేచొచ్చింది. "కలుపుకున్నాయంటే మాదని తేలిపోయినట్టేగా?"

"లేదండీ" అందావిడ నిదానంగా. "అలా ఉంచితే ఏ మేకనైనా కలుపుకుంటాయి."

ఫోన్ పెట్టేశాక ఆయన చాలాసేపు ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మనదైనా తంతాయి, కాకపోయినా తంతాయి. మనదైనా కలుపుకుంటాయి, కాకపోయినా కలుపుకుంటాయి. ఇక వాటిని అడిగేదేంటి? అయినా చేతులు ముడుచుకు కూర్చోలేక ఇనుప వల కట్టాడు, గడ్డి రుద్దాడు. రుద్దినప్పుడల్లా ఆయన చొక్కా కూడా అదే కంపు కొట్టేది.

పదో రోజుకి పెత్తనం వలకి ఇవతల, కొత్తది వలకి అవతల, వీపుకి వీపు ఆనించి పడుకున్నాయి. పన్నెండో రోజు వల తీసేస్తే ఏదీ కుమ్మలేదు. కండక్టర్ సంబరపడిపోయి "చూశావా, కలిసిపోయింది!" అని కేకేశాడు. కేక సగంలో ఉండగానే డాక్టరమ్మ మాట గుర్తొచ్చి గొంతు తగ్గించుకున్నాడు.

"నన్ను తీసుకెళ్ళి పక్కింట్లో పన్నెండు రోజులు కూర్చోబెడితే, వాళ్ళ చెల్లెల్ని అయిపోతానా?" అంది చెల్లెలు.

మర్నాడు కండక్టర్ చొక్కా మార్చుకుని బడికి వెళ్ళాడు.

బడి వెనక కూరగాయల మడుల పక్కన, చెక్క కంచెలో ఆ రెండో మేక ఒంటరిగా ఉంది. దాన్ని చూసుకునే టీచరమ్మ పొడుగ్గా, చేతికి సుద్దపొడి అంటుకుని, మాట మాటకీ నవ్వే మనిషి. వచ్చిన పని విన్నాక ఆ నవ్వు కాస్త తగ్గింది.

"మారిపోయిందంటారా? పిల్లలు దీన్ని చూడగానే వాటేసుకున్నారండీ. వందమంది పిల్లలు."

"నేనూ చూడగానే ఇదే అన్నానమ్మా" అన్నాడు కండక్టర్. తాను ఒప్పుకుంటున్నదేంటో ఆయనకే సరిగ్గా తెలియలేదు. "గొంతెలా ఉందండీ దీనిది?"

"అరవదు. వచ్చినప్పట్నించీ నోరే విప్పలేదు. ఆపరేషన్ వల్ల అనుకున్నాం." ఆవిడ కంచె మీద చెయ్యేసి మేకని కొత్తగా చూసింది. "ఒకటి మాత్రం నాకు అర్థం కాలేదు. మా మేకకి సుద్దముక్కలంటే పిచ్చి. జేబులో పెట్టుకున్నా లాక్కుని తినేది. ఇప్పుడు నోట్లో పెట్టినా ఉమ్మేస్తోంది. ఆస్పత్రికి వెళ్ళి బుద్ధి తెచ్చుకుందని పిల్లలకి చెప్పాను కూడా."

ఇద్దరూ మేక వైపు చూశారు. మేక ఇద్దరి వైపూ చూసింది. శనివారం మధ్యాహ్నం బడి వదిలాక దాన్ని కండక్టర్ ఇంటికి తెచ్చి, రెండిటినీ పక్కపక్కన నిలబెట్టి చూద్దామని ఒప్పందం కుదిరింది.

శనివారం టీచరమ్మ మేకతో ఆటో దిగేసరికి చెల్లెలు షెడ్డు ముందు టార్పాలిన్ పరదా కట్టి ఉంచింది. ముందు మంద కంట పడకుండా గొంతు వినిపిద్దామని ఆమె ఆలోచన. అరవని మేకతో అరిపించేదెలా అని టీచరమ్మ అడగబోయింది. అడగక్కర్లేకపోయింది. లోపల పెత్తనం దేనికో ఒకసారి "మ్హే" అంది. పరదా ఇవతల నిలబడ్డ మేక చెవులు నిక్కబొడుచుకుంది. మెడ పైకెత్తి, రోజుల తరబడి దాచిపెట్టుకున్నదంతా ఒక్కసారే వదిలినట్టు, సన్నగా, చెవులు గింగురుమనేలా అరిచింది. అవతలి వీధిలో ఎవరో కిటికీ మూసుకున్న చప్పుడైంది.

లోపల మందలోని పది తలలూ ఇటు తిరిగాయి. బుడ్డి తొట్టి దూకి పరిగెత్తుకొచ్చింది. పరదాకి అటు నించి మూతి ఆనించి, పాలు తాగే రోజుల్లోలా చిన్నగా అరవసాగింది. ఇవతలిది బదులు పలికింది. అటూ ఇటూ అరుపులతో షెడ్డు హోరెత్తిపోయింది.

చెల్లెలు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇదే అన్నయ్యా. ఇదే సన్నాయి."

టీచరమ్మ జేబులోంచి సుద్దముక్క తీసి, లోపలున్న కొత్తదాని ముందు పట్టుకుంది. అది కరకరా నమిలి మింగి, ఆవిడ చెయ్యి కూడా నాకింది. ఇక అడగాల్సిందేం మిగల్లేదు.

కానీ మిగిలింది. పరదా తప్పించి సన్నాయిని లోపలికి వదలగానే బుడ్డి దాని మీదికి ఉరికొచ్చి, వాసన చూసి, ఠక్కున ఆగిపోయింది. మొహం చూసింది. మళ్ళీ వాసన చూసింది. ఆ గొంతు వచ్చింది ఇందులోంచేనా అన్నట్టు అటూ ఇటూ చూసి వెనక్కి తగ్గింది. పెత్తనం మాత్రం అంత ఆలోచించలేదు. వెనక కాళ్ళ మీద లేచింది. సుద్ద తినే పరాయి మేక ఓ పక్కన హాయిగా గడ్డి నములుతుంటే, ఐదేళ్ళు ఆ షెడ్డులోనే ఉన్నదాన్ని ఆ మందే గోడకేసి కుమ్మడం మొదలుపెట్టింది.

"అన్నయ్యా, దాన్ని లాగు! చంపేసేలా ఉన్నాయి, సన్నాయిని బయటికి లాగు!"

కండక్టర్ లోపలికి దూకాడు. చుట్టూ ఇటుక రంగు కదులుతోంది, తెల్లగా ఏదో మెరుస్తోంది, దుమ్ము లేచింది. చేతికందిన మెడ పట్టుకుని, బలమంతా పెట్టి, వెనక్కి నడుస్తూ బయటికి ఈడ్చుకొచ్చాడు. రొప్పుతూ నిలబడి "హమ్మయ్య" అన్నాడు.

లోపల సన్నాయి ఇంకా అరుస్తూనే ఉంది. ఆయన చేతిలో ఉన్న మేక నోటి చుట్టూ సుద్దపొడి ఉంది.

చెల్లెలే లోపలికెళ్ళి సన్నాయిని తెచ్చింది. రెండిటినీ దూరంగా కట్టేసి, టీచరమ్మకి మంచినీళ్ళిచ్చి, తిరిగొచ్చి అన్న పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఎన్నాళ్ళయింది?" అని అడిగింది.

"ఏది?"

"కళ్ళు."

కండక్టర్ నీళ్ళు నమిలాడు. దుమ్మన్నాడు, ఎండన్నాడు. చెల్లెలు లేవకుండా అక్కడే కూర్చునేసరికి మెల్లగా దారిలోకొచ్చాడు. "పోయినేడాది వానల ముందు నించి. మొదట్లో చిన్నక్షరాలు. తర్వాత మొహాలు. దగ్గరికొచ్చి మాట్లాడితే తెలిసిపోతుంది, నడక బట్టీ తెలుస్తుంది. నెట్టుకొస్తున్నాననుకున్నాను."

"నాకు తెలుసు."

"తెలుసా?"

"గదిలోకొచ్చేటప్పుడు దగ్గుతూ వస్తున్నాను చూడు, ఏడాదిగా. నాకేమన్నా జబ్బనుకున్నావా?"

కండక్టర్ నోరు తెరిచాడు. ఆ దగ్గుకి మిరియాల కషాయం తాగమని తాను ఎన్నిసార్లు చెప్పాడో తలుచుకుంటే నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. చెల్లెలికి ముందే తెలుసంటే ఇంకా ఎవరెవరికి తెలుసు? పాల దుకాణం దగ్గర "నేనండీ, ఫలానా" అని మొదలుపెట్టేవాళ్ళంతా మర్యాదకి అంటున్నారనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావని చూశాను. సోమవారం కళ్ళాస్పత్రికి వెళ్తున్నాం. నేను పేరు రాయించి వారమైంది."

టీచరమ్మ తన మేకని అప్పుడే తీసుకెళ్ళనంది. "వాటేసుకున్నది వేరే మేకనని పిల్లలకి ముందు నేను చెప్పుకోవాలి. ఎలా చెప్పాలో నాకే తెలియట్లేదు. వచ్చే శనివారందాకా ఉంచండి" అని ఆటో ఎక్కింది.

కాబట్టి ఇనుప వల మళ్ళీ కట్టారు, ఈసారి సన్నాయి కోసం. మళ్ళీ తొక్కిన గడ్డి రుద్దారు. బుడ్డి రెండు రోజులు దూరం నించే చూసింది. సన్నాయి అరిస్తే బదులు పలికేది, దగ్గరికి రమ్మంటే వచ్చేది కాదు. మూడో రోజు వల కన్నాల్లోంచి మూతి దూర్చి, తల్లి చెవి వెనక చాలాసేపు వాసన పీల్చింది. నాలుగో రోజు వలకి ఆనుకుని పడుకుంది. ఆరో రోజు వల తీస్తే పెత్తనం ఒక్కటంటే ఒక్కటి, అదీ మొక్కుబడిగా, కుమ్మి వదిలేసింది. బుడ్డి ఏడాది వయసు మర్చిపోయి తల్లి పొదుగు కింద దూరబోయింది. చెల్లెలు ఆ సంగతి చెప్తుంటే కండక్టర్ విన్నాడు. ఆయనకి కనబడింది రెండు ఇటుక రంగు మచ్చలు ఒకటైపోవడం మాత్రమే. అంతవరకు నిజంగానే కనబడింది.

ఈలోగా కళ్ళాస్పత్రికి వెళ్ళొచ్చారు. రెండు కళ్ళలోనూ శుక్లాలేనని, ఒకటొకటిగా తీసేస్తే చూపు వస్తుందని చెప్పారు. మొదటి కన్నుకి పద్నాలుగో తారీఖు ఇచ్చారు. కండక్టర్ తలూపాడు. చూపొచ్చాక ఎవరెవరి మొహం ఎలా మారి ఉంటుందో అని ఒక కొత్త బెంగ పట్టుకుంది.

శనివారం బడి మేకని తీసుకెళ్ళే రోజు. ఆటో దొరకలేదు, బడి దూరమూ కాదు, నడిపించుకునే వెళ్దామంది చెల్లెలు. మెడకి తాడు కట్టి కండక్టర్ చేతికిచ్చింది. ఈసారి పొరపాటు లేకుండా తనే కట్టింది.

వీధి మలుపు దాకా కూడా రాలేదు, వెనక నించి అరుపు వినబడింది. పెత్తనం గొంతు. దానికి ఇంకోటి కలిసింది, తర్వాత ఇంకోటి. కండక్టర్ ఆగిపోయాడు. మొదటిరోజు దీన్ని గోడకేసి కుమ్మినవాటి గొంతులే అవి. బడి మేక వెనక్కి తిరిగి, తన మొద్దు గొంతుతో "బే" అంది. షెడ్డులోంచి వెంటనే బదులొచ్చింది.

"దీన్నేనా పిలుస్తున్నాయి?" అన్నాడు కండక్టర్.

"దీన్నే."

"ఇది వాటిది కాదుగా?"

"కాదు."

"మరెందుకు పిలుస్తున్నాయి?"

చెల్లెలు కూడా వెనక్కి చూసింది. "ఏమో అన్నయ్యా" అంది. "పద, బడి తలుపులు మూసేస్తారు."

ఆయన తాడు లాగాడు. మేక నాలుగడుగులు నడిచి ఆగింది, మళ్ళీ అరిచింది. ఆయనా ఆగాడు. బడికి వెళ్ళేలోపు అలా పదిసార్లన్నా ఆగారు.